కాస్తెల్ దెల్ మోంతె: ఎనిమిది పలకల కోట ఎందుకు పుట్టింది?

దక్షిణ ఇటలీలోని అపూలియా ప్రాంతంలో, ఆంద్రియా పట్టణానికి సుమారు 18 కిలోమీటర్ల దూరాన, మూర్జే అనే సున్నపురాతి పీఠభూమి మీద, సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఒక గుట్ట ఉంది. పవిత్ర రోమన్ సామ్రాజ్యానికి చక్రవర్తిగా, సిసిలీ రాజ్యానికి రాజుగా ఏకకాలంలో ఏలిన రెండవ ఫ్రెడరిక్ (1194–1250) ఆ గుట్ట నెత్తిన కట్టించిన కోటనే నేడు కాస్తెల్ దెల్ మోంతె, అంటే గుట్ట మీది కోట, అని పిలుస్తున్నారు. ఎనిమిది భుజాల కట్టడం, దాని ఎనిమిది మూలల్లో ఒక్కొక్కటీ ఎనిమిది పలకలుగా లేచిన ఎనిమిది బురుజులు, నడుమ మళ్లీ ఎనిమిది భుజాల ముంగిలి, దాని చుట్టూ కింది అంతస్తులో ఎనిమిది గదులు, పై అంతస్తులో ఎనిమిది గదులు: ఒకే ఆకారాన్ని ఇంత పట్టుదలగా పాటించిన కోట మధ్యయుగపు ఐరోపాలో దాదాపు మరొకటి లేదనే చెప్పాలి. అయితే దీని చుట్టూ అగడ్త లేదు, ఎత్తి దించే వంతెన లేదు, పెద్ద దండు విడిది చేయడానికి చాలినంత చోటు లేదు, గుర్రపుశాలలు గానీ పెద్ద వంటశాల గానీ ఉన్న జాడ నేడు కనిపించదు. అందువల్ల ఈ కట్టడం నిజంగా కోటేనా, కాకపోతే మరేమిటి అన్న ప్రశ్న 19వ శతాబ్ది నుంచి చరిత్రకారులను, వాస్తుశిల్పులను, ఖగోళాసక్తులను, రహస్యవిద్యల మీద మోజున్న రచయితలను ఒకేలా ఆకర్షిస్తూ వచ్చింది. ఆ ప్రశ్నకు వచ్చిన సమాధానాలను పరిశీలించి, శాసనపత్రాలకూ రాళ్లకూ ఎదురు నిలవగలిగేవి ఏవో తేల్చడం ఈ సమీక్ష ఉద్దేశం.

సమాధానాల్లో చాలావరకు కట్టడం కంటే ముందు కట్టించినవాని వ్యక్తిత్వం నుంచి మొదలవుతాయి కాబట్టి అతని గురించి కొంత చెప్పుకోవాలి. తండ్రి వైపు బార్బరోస్సాగా ప్రసిద్ధుడైన జర్మన్ చక్రవర్తి మొదటి ఫ్రెడరిక్‌కు, తల్లి వైపు సిసిలీ నార్మన్ రాజు రెండవ రోజర్‌కు మనుమడైన రెండవ ఫ్రెడరిక్, లాటిన్, గ్రీకు, అరబ్బీ భాషలు మూడూ పాలనలో చెల్లుబాటైన పలెర్మో నగరంలో పెరిగాడు. 1224లో నేపుల్స్‌లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించాడు, 1231లో మెల్ఫిలో రాజ్యమంతటికీ ఒకే న్యాయస్మృతిని ప్రకటించాడు, డేగలతో వేటాడే విద్య మీద లాటిన్‌లో పెద్ద గ్రంథం రాశాడు. పోపు చేత బహిష్కరణకు గురైన స్థితిలోనే 1229లో యుద్ధం లేకుండా, ఈజిప్టు సుల్తాను అల్ కామిల్‌తో సంధి చేసుకుని జెరూసలేంను సాధించాడు. ఇంతటి విలక్షణ వ్యక్తి కట్టించినది మామూలు కోట కావడానికి వీల్లేదన్న ఊహ చాలామంది పరిశోధకుల మనసులో ముందే స్థిరపడిపోయింది. అదే వ్యక్తి పరిపాలకుడిగా ఎంత లెక్క గలవాడో మాత్రం అంతగా గుర్తుకు రాలేదు. 1220లో కాపువాలో జారీ చేసిన శాసనాల ద్వారా, అంతకు ముందు మూడు దశాబ్దాల అరాచకంలో సామంతులు అనుమతి లేకుండా కట్టుకున్న కోటలను కూల్చివేయాలనో రాజుకు అప్పగించాలనో ఆజ్ఞాపించి, రాజ్యంలోని కోటలన్నింటినీ క్రమంగా రాజాధీనంలోకి తెచ్చి, వాటి పర్యవేక్షణకు ప్రత్యేకాధికారులను నియమించినవాడు కూడా ఇతడే. కాస్తెల్ దెల్ మోంతెను అర్థం చేసుకోవడానికి జెరూసలేం ఎంత అవసరమో కాపువా అంతకన్నా ఎక్కువ అవసరం.

కోట నిర్మాణానికి సంబంధించి ఫ్రెడరిక్ కాలపు ఆధారాలు చాలా తక్కువ. వాటిలో మొదటిది, 1240 జనవరి చివరలో గుబ్బియో పట్టణం నుంచి చక్రవర్తి పంపిన ఉత్తరువు. కాపితనాతా ప్రాంతపు జస్టిషియర్, అంటే ఆ ప్రాంతంలో రాజు తరఫున న్యాయవిచారణా పాలనా నడిపే అధికారి, అయిన రిక్కార్దో ద మోంతెఫుస్కోలోను ఉద్దేశించిన ఆ లేఖలో, సాంతా మరియా దె మోంతె అనే మఠం దగ్గర తాను కట్టించదలచిన కోటకు సంబంధించి ఒక పని వెంటనే జరగాలని చక్రవర్తి ఆదేశించాడు. ఆ పని ఏమిటన్న దాని మీదే వివాదం. లేఖలోని లాటిన్ పదాన్ని కొందరు ‘ఆక్త్రాక్తుమ్’ అని చదివి, సున్నం, రాయి వంటి సామగ్రిని సమకూర్చమన్న అర్థం చెప్పారు. మరికొందరు ‘ఆస్త్రాకుమ్’ అని చదివి, గచ్చు వేయడం లేదా పైకప్పు మూయడం అన్న అర్థం తీశారు. మొదటి పాఠం సరైనదైతే 1240లో పని అప్పుడే మొదలవుతోంది. రెండవది సరైనదైతే గోడలు అప్పటికే పైదాకా లేచి ఉండాలి. ఈ లేఖ ఉన్న రాజపత్రాల దస్త్రం రెండవ ప్రపంచయుద్ధంలో, 1943లో, నేపుల్స్ దగ్గర భద్రపరచిన చోట కాలి బూడిదైంది కాబట్టి, పండితులు ఇప్పుడు పూర్వపు ముద్రణలను, ప్రతులను ఆశ్రయించి వాదించుకోవలసి వస్తోంది. కోట తెర్రా ది బారి అనే పొరుగు ప్రాంతంలో ఉండగా ఉత్తరువు కాపితనాతా అధికారికి వెళ్లడం కూడా పరిష్కారం కాని చిక్కే. అయినా లేఖలోని ఒక విషయంలో సందేహానికి తావు లేదు: చక్రవర్తి తాను కట్టించేది ‘కాస్త్రుమ్’, అంటే కోట, అని స్వయంగా పేర్కొన్నాడు. నేటి పేరు చాలా తరువాత, 15వ శతాబ్దిలో, అరగాన్ వంశపు రాజుల కాలంలో పత్రాలకెక్కింది.

రాజ్యంలోని ఏ కోటను ఏ ఊళ్లవారు మరమ్మతు చేయాలో నిర్ణయిస్తూ 1240ల్లో తయారైన పట్టిక రెండవ ఆధారం. అందులోనూ ఈ కట్టడం కోటల జాబితాలోనే ఉంది. అదే పట్టికలో ‘దోముస్’ అనే మరో తరగతి, అంటే వేటకూ విశ్రాంతికీ ఉద్దేశించిన రాజగృహాలు, వేరుగా కనిపిస్తాయి. రాజ్యాధికారులు ఈ రెండు తరగతులకూ తేడా తెలిసినవారే కాబట్టి, వారు దేనిని ఏ వరుసలో చేర్చారన్నది ఆధునికుల ఊహల కంటే బరువైన సాక్ష్యం.

ఇక కట్టడం దగ్గరికి వస్తే, ముందుగా గమనించవలసింది దాని కొలతల నిగ్రహం. మొత్తం వ్యాసం సుమారు 56 మీటర్లు, ముంగిలి వ్యాసం దాదాపు 18 మీటర్లు, ఒక్కో బురుజు అడ్డకొలత ఎనిమిది మీటర్లకు కొంచెం తక్కువ, బురుజుల ఎత్తు దాదాపు 24 మీటర్లు. బురుజులు ప్రధాన గోడలను మించి పెద్దగా పైకి పోవు. మొదట ఇంకా ఎత్తుగా ఉండేవని కొందరు భావిస్తారు. గోడల్లో ఎక్కువ భాగం అదే నేలలో దొరికే లేత రంగు సున్నపురాయి కావడం వల్ల, పొద్దు మారే కొద్దీ కోట తెల్లగానూ, బంగారు ఛాయలోనూ, సాయంత్రం ఎర్రగానూ కనిపిస్తుంది. ఆ లేతరంగు మీద తూర్పు ముఖద్వారం మాత్రం ముదురు ఎరుపులో నిలుస్తుంది. వేర్వేరు రాతి ముక్కలు భూగర్భంలో సహజంగా అతుక్కుని ఏర్పడే బ్రెచ్చా అనే ఎర్రరాయితో దాన్ని చెక్కారు. నిలువు గాళ్లు తీసిన పలక స్తంభాలు, వాటిపై ప్రాచీన రోమన్ దేవాలయాల ముఖభాగాన్ని తలపించే త్రికోణపు శిఖరం, స్తంభాల మీద కూర్చున్న రెండు సింహాలు, లోపల మొనదేలిన గోథిక్ కమాను అన్నీ కలిసి ఒకే ద్వారబంధంలో ఒదిగాయి. రోమన్ చక్రవర్తులకు వారసుణ్ణన్న ఫ్రెడరిక్ భావన కోట మొత్తంలో ఇక్కడే అత్యంత స్పష్టంగా వ్యక్తమైంది. ద్వారానికి ఇరువైపుల నుంచి ఎక్కే మెట్లు మాత్రం 1928 పునరుద్ధరణలో తిరిగి కట్టినవి.

లోపలి గదుల నిర్మాణం సున్నితమైన గణితసమస్యకు పరిష్కారం. అష్టభుజి లోపల మరో అష్టభుజిని తీసివేస్తే మిగిలే వలయాన్ని ఎనిమిది గదులుగా విభజించినప్పుడు ప్రతి గదీ బయటివైపు వెడల్పుగా, ముంగిలివైపు ఇరుకుగా ఉండే సమలంబ చతుర్భుజమవుతుంది. అటువంటి గదికి రాతి కప్పు వేయడం కష్టం కాబట్టి, నిర్మాతలు ప్రతి గదినీ నడుమ ఒక చతురస్రం, ఇరుపక్కల రెండు త్రిభుజాలు అన్నట్టు విడదీసి, చతురస్రం మీద నాలుగు మూలల నుంచి రాతి పట్టీలు వచ్చి మధ్యలో కలిసే గోథిక్ కప్పును, త్రిభుజాల మీద మొనదేలిన పీపా ఆకారపు కప్పును కట్టారు. కింది అంతస్తులో ఈ భారాన్ని మోసేవి ఎర్ర బ్రెచ్చా అర్ధస్తంభాలు. పై అంతస్తులో మూడేసి సన్నని పాలరాతి కంబాలను జోడించిన గుత్తులు ఆ పని చేస్తాయి. పై గదుల్లో ఏడింటికి రెండేసి కమానుల కిటికీలుండగా, ఆంద్రియా వైపు చూసే గదికి మాత్రం మూడు కమానుల కిటికీ ఉంది. ఒక గది కప్పు కలిసే చోట పట్టీలను బంధించే కీలకశిలపై అడవిదేవతను పోలిన ముఖం, ఒక బురుజు కప్పు కింద బరువు మోస్తున్నట్టు వంగిన మనుషుల బొమ్మలు నేటికీ మిగిలాయి. ఈ శిల్పాల్లోని శరీరజ్ఞానం, ముఖాల్లోని ప్రాణం చూస్తే, ఇటలీలో ప్రాచీన శిల్పాదర్శం తిరిగి తల ఎత్తడం తస్కనీ కంటే ముందు ఇక్కడే మొదలైందన్న వాదనలో బలముందని ఒప్పుకోవాలి.

రాకపోకల ఏర్పాటు కూడా శ్రద్ధగా ఆలోచించినదే. ముంగిలిలోకి తెరుచుకునే ద్వారాలు మూడే. ప్రతి గదికీ రెండు పక్కలా ద్వారం లేకపోవడం వల్ల, కొన్ని గదులు దాటుకుని పోయేవిగానూ, కొన్ని చివరి మజిలీలుగానూ మిగిలాయి. మూడు బురుజుల్లో చుట్టుమెట్లున్నాయి. మిగిలినవాటిలో కొన్నింటిలో చిన్న గదులు, చేతులు కడుక్కునే తొట్లు, గాలి వచ్చే సందులతో కూడిన మరుగుదొడ్లు ఉన్నాయి. కొన్ని బురుజుల పైభాగాన వాననీటిని పట్టి నిలువచేసే తొట్లు అమర్చి, ఆ నీటిని కిందికి పారించారు. ముంగిలి కింద కూడా నీటి నిలువగది ఉంది. నీటి ఊట లేని రాతి గుట్ట మీద ఈ ఏర్పాటు తప్పనిసరి. కాని 13వ శతాబ్దిలో ఒక నివాసంలో ఇన్ని మరుగుదొడ్లు, ఇంత శుభ్రత కనిపించడం మాత్రం అరుదే. కోటను గురించి రాసినవారు ఎనిమిది అంకె మీద వెచ్చించిన పేజీల్లో పదో వంతు ఈ నీటి పారుదల మీద వెచ్చించి ఉంటే ప్రశ్న ఎంతో ముందుకు సాగేది.

ఈ వివరాలు చేతిలో పెట్టుకుని సిద్ధాంతాలను చూడవచ్చు. కట్టడానికి రక్షణ ప్రయోజనం లేదన్నది వాటిలో బాగా వ్యాపించినది. అగడ్త లేకపోవడం, అలంకృతమైన ముఖద్వారం, పెద్ద కిటికీలు దీనికి ఆధారంగా చూపుతారు. చుట్టుమెట్లు ఎడమకు తిరుగుతూ ఎక్కుతాయనీ, యుద్ధకోటల్లో పైనుంచి కాచే సైనికుడి కుడిచేయి ఆడేందుకు వీలుగా మెట్లు కుడికి తిరగాలనీ మరో తర్కం చెబుతారు. కాని మెట్ల దిశకూ కత్తియుద్ధానికీ సంబంధముందన్న మాట మధ్యయుగపు ఆధారాల్లో కనిపించేది కాదు, ఆధునిక కాలపు ఊహ మాత్రమే. దాన్ని ఇక్కడ కొలబద్దగా వాడటం న్యాయం కాదు. పైగా రక్షణ లేదన్న మాట పూర్తిగా నిజం కూడా కాదు. బురుజుల్లో బాణాలు వేసే సన్నని సందులున్నాయి. ముఖద్వారానికి పైనుంచి జారవిడిచే బరువైన అడ్డుతలుపు కోసం చెక్కిన గాడి స్పష్టంగా ఉంది. ఆ తలుపును ఎత్తి దించే ఏర్పాటు సరిగ్గా దాని పైనున్న, సింహాసనపు గదిగా పిలిచే, పై అంతస్తు గదిలోనే ఉంది. ముట్టడులను తట్టుకునే దుర్గం ఇది కాకపోవచ్చు. అయితే శత్రువుకు సులువుగా తలుపు తీసే విహారగృహమూ కాదు.

వేట విడిది అన్న సిద్ధాంతం దీనికి జోడుగా వచ్చింది. ఫ్రెడరిక్ వేటప్రియుడు, మూర్జేలో అప్పట్లో అడవులుండేవి, ఒక బురుజుకు డేగలు పెంచేవాని బురుజన్న పేరు ఉంది కాబట్టి ఊహ సహజంగానే కుదిరినట్టు కనిపిస్తుంది. కాని బురుజు పేరు తరువాతి కాలపు వాడుక. పైన చెప్పినట్టు వేటగృహాలకు రాజపత్రాల్లో వేరే తరగతి ఉండగా ఈ కట్టడం అందులో లేదు. అంతకన్నా ముఖ్యంగా, చక్రవర్తి ఇక్కడ బస చేశాడని నిస్సందేహంగా చెప్పే పత్రం ఒక్కటీ లేదు. అతడు ఇక్కడికి వచ్చి వేటాడి ఉండవచ్చు, వేటాడినా దానికోసమే ఇంత రాతిపని చేయించాడనడానికి ఆధారం చాలదు.

అష్టభుజి ఆకారానికి మూలమేమిటన్న చర్చ ఇంతకంటే లోతైనది. జర్మన్ రాజుగా ఫ్రెడరిక్ 1215లో కిరీటం ధరించిన ఆహెన్ నగరంలోని షార్లెమేన్ ప్రార్థనాలయం లోపలి భాగం ఎనిమిది భుజాలది. సామ్రాజ్యపు కిరీటం ఎనిమిది పలకలది. అతడు 1229లో చూసిన జెరూసలేంలోని శిలా గుమ్మటం కూడా అష్టభుజే. క్రైస్తవుల జ్ఞానస్నాన మందిరాలను తరచుగా ఎనిమిది భుజాలతో కట్టేవారు, ఎందుకంటే వారంలోని ఏడు రోజుల సృష్టి తరువాత వచ్చే ఎనిమిదో రోజు క్రీస్తు పునరుత్థానానికి, కొత్త జీవనానికి గుర్తు. చతురస్రం భూమిని, వృత్తం ఆకాశాన్ని సూచిస్తే అష్టభుజి ఆ రెంటికీ మధ్యస్థమన్న వ్యాఖ్యానం కూడా ప్రసిద్ధమే. జర్మన్ రచయిత హైన్స్ గోట్స 1984లో వెలువరించిన గ్రంథంలో, ఒకదానిపై ఒకటి తిప్పి పెట్టిన రెండు చతురస్రాల వల్ల ఏర్పడే ఎనిమిది మొనల నక్షత్రం నుంచి కోట పటమంతా పుట్టిందని చూపి, ఆ జ్యామితిలో ఇస్లామీయ సంప్రదాయపు పాత్రను నొక్కి చెప్పాడు. ఈ పోలికల్లో ప్రతిదీ విడిగా నమ్మదగినదే. చిక్కల్లా, ఏ ఒక్కదాన్నీ మిగిలినవాటి కంటే ఎక్కువగా నిరూపించడానికి వీల్లేకపోవడం. సామ్రాజ్యపు ఠీవిని ప్రకటించే ఆకారంగా అష్టభుజి ఫ్రెడరిక్ కాలంలో అర్థవంతంగా ఉండేదని చెప్పడం వరకే సురక్షితం.

సంఖ్యల, నీడల సిద్ధాంతాలు ఈ సురక్షితమైన గట్టును దాటిపోయాయి. 20వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఆల్దో తవొలారో రాసిన పుస్తకాలు, కోట కొలతలు సూర్యుని గమనాన్ని బట్టి నిర్ణయమయ్యాయని ప్రతిపాదించి ప్రజల్లో గొప్ప ఆదరణ పొందాయి. వాటిలో ఒకటి ఉదాహరణకు చాలు. రాత్రీ పగలూ సమానమయ్యే రోజున మధ్యాహ్నం ముంగిలి దక్షిణపు గోడ నీడ సరిగ్గా ఎదుటి గోడ పాదాన్ని తాకుతుందన్న వాదన. ఆ అక్షాంశంలో సుమారు 20.5 మీటర్ల గోడకు ఆ రోజున దాదాపు 17.9 మీటర్ల నీడ పడుతుంది, ముంగిలి వ్యాసమూ అంతే కాబట్టి లెక్క కుదురుతుంది. అయితే గోడల అంచులు, ముంగిలి నేల శతాబ్దాల శిథిలత తరువాత మరమ్మతులకు లోనైనవి. 13వ శతాబ్దిలో గోడ ఏ ఎత్తున ముగిసిందో, నేల ఏ మట్టాన ఉండేదో సెంటీమీటర్లతో తెలియకుండా నీడ సరిగ్గా తాకేదని చెప్పడం సాధ్యం కాదు. పైగా ముంగిలి ఎనిమిది భుజాలు కూడా సమానం కావు. కొన్ని ఏడు మీటర్లలోపు, కొన్ని 7.8 మీటర్ల దాకా ఉంటాయి. 1990–1996 మధ్య జర్మన్ వాస్తుచరిత్రకారుడు వుల్ఫ్ షిర్మర్ బృందం రాయి రాయినీ కొలిచి, 2000లో ఫలితాలు ప్రచురించాక, ఆదర్శ జ్యామితి మీద ఆధారపడ్డ ఊహలన్నీ ఈ వాస్తవ కొలతల ముందు నిలిచి జవాబు చెప్పవలసి వచ్చింది. మధ్యయుగపు మేస్త్రీలు తాడుతోనూ మేకులతోనూ నేల మీద గీసిన పటానికి గొప్ప ఖచ్చితత్వం ఉంది. ఖగోళ యంత్రానికి కావలసిన ఖచ్చితత్వం మాత్రం లేదు. క్రీస్తు చివరి విందులో వాడిన పాత్రగా చెప్పే గ్రెయిల్‌ను దాచేందుకు కోట కట్టారన్న కథలైతే పరిశీలనకు కూడా అర్హం కావు.

2010 తరువాతి సంవత్సరాల్లో బారి నగరానికి చెందిన వాస్తుశిల్పులు జుసెప్పె ఫల్లాకారా, ఉబాల్దో ఓక్కినేగ్రో మరో ప్రతిపాదన తెచ్చారు. తొట్లు, గొట్టాలు, మరుగుదొడ్లు, పొయ్యిలు, గదుల మధ్య నిర్బంధించిన రాకపోకలు చూస్తే ఇది తూర్పుదేశాల హమ్మాంను, అంటే వేడినీటి ఆవిరి స్నానశాలను, పోలిన శరీరారోగ్య మందిరమని వారి భావన. రహస్యవిద్యల రచయితల్లా గాలిలో మేడలు కట్టకుండా, కట్టడంలో నిజంగా ఉన్న నీటి ఏర్పాట్లను శ్రద్ధగా పట్టించుకోవడం ఈ ప్రతిపాదనలోని మెచ్చుకోదగిన గుణం. ఫ్రెడరిక్ స్నానప్రియుడన్నదీ ప్రసిద్ధమే. కాని వాననీటి నిలువ మీద మాత్రమే బతికే గుట్ట మీద పెద్ద స్నానశాలను నడపడానికి నీరు ఎక్కడ చాలుతుందన్న ప్రశ్నకు వారి సమాధానం తృప్తి కలిగించదు. శుభ్రత కోసం చేసిన మంచి ఏర్పాటు రాజనివాసానికి లక్షణం. దాన్నే కట్టడపు ఏకైక ప్రయోజనంగా చెప్పడం అతివ్యాప్తి.

శైలికి మూలాల మీద జరిగిన వాదంలో జాతీయాభిమానాల ఛాయ ఉందని గుర్తుంచుకోవాలి. 1844లో డ్యూక్ ద లువీన్ ఆదరణతో ఉయ్యార్ బ్రెఒల్ రచనగా, విక్టోర్ బల్తార్ చిత్రాలతో వెలువడిన ఫ్రెంచి గ్రంథం కోటను తొలిసారి పండితలోకానికి సచిత్రంగా పరిచయం చేసింది. 20వ శతాబ్ది ఆరంభంలో మరో ఫ్రెంచి పండితుడు ఎమీల్ బెర్తో, గోథిక్ కప్పుల్లో ఫ్రాన్సు ముద్రను గుర్తించి, త్రాని కోట శాసనంలో పేరున్న ఫిలిప్ షినార్‌ను ఈ నిర్మాణంతోనూ ముడిపెట్టాడు. రోములోని ప్రష్యన్ చరిత్ర పరిశోధన సంస్థ తరఫున ఆర్తుర్ హాజెలోఫ్, ఎడ్వర్డ్ ష్టామర్ సాగించిన సర్వేలు, పత్రసేకరణలు ఆ కట్టడాలను జర్మన్ రాజవంశపు వారసత్వంగా చూసే దృష్టితో మొదలైనప్పటికీ, 1943లో మూలాలు కాలిపోయాక ఆ సేకరణలే పరిశోధనకు దిక్కయ్యాయి. ఏ శిల్పి ఈ పటాన్ని గీశాడో చెప్పే సాక్ష్యం లేదు. షాంపేన్, బుర్గుండీ ప్రాంతాల నుంచి సిస్టెర్షియన్ సన్యాసుల వెంట వచ్చిన కప్పు కట్టే పద్ధతి, అపూలియా మేస్త్రీల రాతిపని, రోమన్ శిథిలాల నుంచి నేర్చిన అలంకారం, తూర్పు జ్యామితి ఒకే చోట కలవడమే ఈ కట్టడపు గొప్పతనం. యునెస్కో 1996లో దీన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించినప్పుడు ఎత్తి చూపినదీ ఈ సమ్మేళనాన్నే.

వీటన్నిటిలో గట్టిగా నిలిచేది బారి విశ్వవిద్యాలయ చరిత్రకారుడు రఫాయేలె లిచీనియో ప్రతిపాదించిన దృక్పథమని ఈ సమీక్ష అభిప్రాయం. ఈ కోటను ఒంటరి అద్భుతంగా కాక, ఫ్రెడరిక్ అపూలియాలో నెలకొల్పిన కోటల వల నుంచి విడదీయకుండా చూడాలన్నది దాని సారం. త్రాని, బారి తీరాన ఉన్నాయి, జోయా దెల్ కొల్లె, గ్రవీనా లోతట్టున ఉన్నాయి, వాటి మధ్య మూర్జే గుట్టపై నిలిచిన కాస్తెల్ దెల్ మోంతె నుంచి ఒక వైపు అద్రియాతిక్ సముద్రం దాకా, మరొక వైపు తవోలియెరె మైదానం దాకా చూపు సాగుతుంది. ప్రతి కోటా ముట్టడిని తట్టుకోవలసిన పని లేదు. సంకేతాలందించడం, చుట్టుపక్కల ఊళ్లకు రాజు ఉన్నాడని నిత్యం గుర్తుచేయడం, ఖజానానూ ఖైదీలనూ భద్రంగా ఉంచడం, అవసరమైతే రాజపరివారానికి ఆతిథ్యమివ్వడం కూడా 13వ శతాబ్దిలో కోట చేసే పనులే. కోటంటే యుద్ధయంత్రమన్న ఆధునికుల ఇరుకైన నిర్వచనంతో చూసినప్పుడే ఇది కోటగా కనిపించదు.

కట్టించినవాడు పోయిన తరువాతి చరిత్ర ఈ వాదానికి బలమిస్తుంది. ఫ్రెడరిక్ కొడుకు మాన్‌ఫ్రెడ్ 1266లో బెనెవెంతో యుద్ధంలో అంజూ వంశపు చార్లెస్ చేతిలో ఓడి చనిపోయాక, విజేత అతని ముగ్గురు చిన్న కొడుకులనూ ఈ కోటలోనే బంధించాడు. 1299లో నేపుల్స్‌కు తరలించేదాకా, మూడు దశాబ్దాలకు పైగా, సింహాసనానికి హక్కుదారులైన ఆ పిల్లలు తాత కట్టించిన గోడల మధ్యనే పెరిగి పెద్దవారయ్యారు. తన రాజ్యానికి అత్యంత ప్రమాదకరమైన ఖైదీలను అప్పగించడానికి ఒక రాజు విహారభవనాన్ని ఎంచుకోడు. తరువాత చేతులు మారుతూ, 1552లో లక్ష దుకాతులకు కరాఫా వంశానికి అమ్ముడుపోయి, 1656 ప్లేగులో ఆంద్రియా కులీనులకు ఆశ్రయమిచ్చిన కోట, 18వ శతాబ్ది నుంచి దిక్కులేనిదైంది. గొర్రెల కాపరులు, దొంగలు తలదాచుకున్నారు, పాలరాతి పలకలు, శిల్పాలు ఊడిపోయాయి. ఇటలీ ప్రభుత్వం 1876లో 25,000 లీరాలకు కొని, మరుసటి దశాబ్దాల్లో మరమ్మతులు మొదలుపెట్టింది. 2018లో ముద్రణ నిలిపివేసేదాకా ఇటలీ చలామణి కోసం ముద్రించిన ఒక సెంటు యూరో నాణెం మీద ఈ కోట బొమ్మే ఉండేది.

శతాబ్దాల ఈ దోపిడీ, 1928లో గోడల చుట్టూ పేరుకున్న శిథిలాల తొలగింపు, ఆపై మరమ్మతులు పరిశోధనకు ఒక హెచ్చరిక. గుర్రపుశాల లేదు, వంటశాల లేదు, బయటి ప్రాకారం లేదు అన్న లేమి మీద కట్టిన ప్రతి వాదమూ, అవి కర్రతోనో మట్టితోనో బయట ఉండి, ఏ జాడా మిగల్చక పోయి ఉండవచ్చన్న అవకాశాన్ని ముందు తోసిపుచ్చగలగాలి. ఇక ఆకారపు ప్రశ్నకు తోడు దొరికేది అపూలియాలోనే ఉన్న లుచేరా పట్టణంలో. అక్కడ ఫ్రెడరిక్ 1233 ప్రాంతంలో కట్టించిన రాజభవనం కింద చతురస్రంగా మొదలై, పైన ముంగిలి చుట్టూ అష్టభుజిగా మారేది. 1790లో దాన్ని పేల్చి రాళ్లు తరలించుకుపోయినా, 1778లో ఫ్రెంచి చిత్రకారుడు లూయీ జాన్ దెప్రే గీసిన బొమ్మల్లో ఆ మార్పు కనిపిస్తుంది. సిసిలీ నడిబొడ్డున ఎన్నా పట్టణంలో ఫ్రెడరిక్ పేరుతో పిలిచే ఎనిమిది పలకల బురుజు నేటికీ నిలిచి ఉంది. అంటే ఎనిమిది భుజాల ఆలోచన 1240కి ముందే ఆ కొలువులో పురుడు పోసుకుని, కట్టడం తరువాత కట్టడంలో పరీక్షకు నిలిచి, చివరికి ఆంద్రియా పైనున్న గుట్టను చేరింది. కోట ఎందుకు ఆ రూపంలో ఉందన్న ప్రశ్న మీద ఇకముందు జరిగే పని, నక్షత్రాల కంటే ముందు, లుచేరా చిత్రాల దగ్గర మొదలు కావాలి.